నీళ్లవారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ నీళ్లవారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే ఇక్కడ కుశలం లేదు.

కాస్త చల్లబడతారు కదా అని తమరిని గాజు సీసా నిండా పోసి, మూత బిగించి, రాత్రి ఫ్రీజర్‌లో పెట్టాను. తెల్లారి చూస్తే సీసా మెడ ఒక మూల, అడుగు ఒక మూల. మధ్యలో తమరు మాత్రం సీసా ఆకారం చెడకుండా, ఒంటినిండా పెంకులు అంటించుకుని కొలువుదీరి ఉన్నారు.

లోకంలో చాలా వస్తువులు చలికి ముడుచుకుంటాయి. తమరూ 4 డిగ్రీల సెల్సియస్ దాకా బుద్ధిగా ముడుచుకుంటూనే వస్తారు. అక్కడ ఏం తిక్క పుడుతుందో, మళ్లీ ఉబ్బడం మొదలు! గడ్డకట్టేసరికి సుమారు 9 శాతం అదనపు జాగా కావాలి. అప్పటిదాకా తోసుకుంటూ తిరిగిన అణువులు ఒక్కోటీ నాలుగు పొరుగు అణువులతో హైడ్రోజన్ బంధాలు బిగించుకుని, ఆరు మూలల గదులు కట్టుకుని, నడుమ ఖాళీ వాకిళ్లు వదులుకుంటాయట. వదులుకోండి, ఎవరొద్దన్నారు? ఆ స్థలం నా సీసాలోంచే కావాలా? ఇనప గొట్టాలు చీల్చేవారు, పగుళ్లలో దూరి బండరాళ్లను బద్దలుకొట్టేవారు, పోయి పోయి గాజు మీద ప్రతాపం చూపించడానికి సిగ్గుండాలి!

తమరి మిగతా ఘనకార్యాలకు వేరే ఉత్తరం రాస్తాను. ఉన్నదాంట్లో సుమారు 97 శాతం ఉప్పగా పెట్టుకున్నారు. మిగిలిన మంచినీళ్లలో మూడింట రెండొంతులు హిమానీనదాల్లోనూ మంచు పలకల్లోనూ దాచేశారు. తొందరలో ఉన్నప్పుడు చచ్చినా మరగరు. గ్రాముకు డిగ్రీ పెరగాలంటే 4.2 జౌల్స్ వేడి సమర్పించుకోవాలి. కెటిల్ అడుగున ఆ తెల్లటి పెచ్చు సంగతి అసలు ఎత్తను.

అసలు నువ్వు ద్రవంగా ఉండటమే పెద్ద మొండితనం. నీ ఆక్సిజన్ బదులు గంధకం పెట్టుకున్న నీ వరసవాడు హైడ్రోజన్ సల్ఫైడ్, నీకంటే బరువైనవాడు, సున్నాకు 60 డిగ్రీల దిగువనే ఆవిరైపోతాడు. నువ్వు 100 దాకా కదలవు. ఆ బంధాలే, ఆ పట్టుదలే నా కొంప ముంచింది.

ఇంకా తిట్టేదాన్నే. కానీ చలిదేశాల సరస్సుల్లో చేపలు అడ్డొచ్చాయి. 4 డిగ్రీల దగ్గర బరువెక్కి అడుక్కి దిగుతావు, గడ్డకట్టినది తేలిగ్గా పైన తేలుతుంది, కింది వేడిని తొందరగా పోనివ్వదు. చలికాలమంతా చేపలు అడుగున బతికేస్తాయి. గడ్డ మునిగేదైతే సరస్సు అడుగునుంచి పైదాకా బిగుసుకుపోయేది. సీసా పగలగొట్టిన 9 శాతమే వాటి ప్రాణం నిలబెట్టింది, ఒప్పుకుంటాను. ఫ్రీజర్‌లో చేపలేవీ లేవన్న సంగతి కాస్త చూసుకోవాల్సింది.

ఇట్లు,
తమ విధేయురాలు

తా.క.: నా ఒంట్లో సగం బరువు తమరిదే కనుక, ఈ ఉత్తరంలో సగం తిట్లు తమరే రాసుకున్నట్టు భావించగలరు.