సీటీ నార్మల్ వస్తే పక్షవాతం లేదనుకోకండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒకే సందేశం తిరుగుతోంది. పొద్దున చిన్నాన్న పంపినదే సాయంత్రానికి పాత స్నేహితుల నుంచి మళ్లీ వస్తోంది. అందులో ఉన్నది ఇది: "రోగనిర్ధారణలో డాక్టర్లకు 74 మార్కులు, ఏఐకి 92. ఎక్స్‌రే, సీటీ ఫిల్మును ఫోటో తీసి చాట్‌జీపీటీకి పంపండి. నార్మల్ అని చెబితే బరంపురం, విశాఖ పరుగెత్తనక్కర్లేదు. అది అలసిపోదు, కమిషన్ అడగదు."

ఆ మార్కులు నిజమైనవే. 2024లో అమెరికాలో 50 మంది డాక్టర్లతో చేసిన అధ్యయనంలోవి. కానీ మూడో అంకెను ఎందుకు దాచారు? చాట్‌జీపీటీని చేతికి ఇచ్చిన డాక్టర్లకు వచ్చింది 76. గణాంకాల లెక్కలో ఆ రెండు మార్కుల తేడాకు విలువే లేదు. చదువుకున్న డాక్టర్లకే అంత అయితే, మన చేతిలో అది 92 ఎలా అవుతుంది? పైగా అక్కడ రోగి చరిత్ర, పరీక్షలు, రక్తం రిపోర్టులు అన్నీ ముందే సర్ది రాసిపెట్టిన కేసులు. జ్వరంతో మూలుగుతున్న మనిషి నుంచి ఆ వివరాలు రాబట్టడమే సగం వైద్యం.

అలసిపోదట. అలసిపోకుండా చెప్పినా తప్పు తప్పే.

ఇక ఫిల్ము ఫోటో. సీటీలో వందల బొమ్మలు వస్తాయి, ఫిల్ము మీద అచ్చయ్యేవి కొన్నే. స్కాన్లు చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, వాటిని కంప్యూటర్‌లో వెలుగునీడలు మార్చుకుంటూ చూస్తారు. ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి తీసి, వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫోటోలో ఏం మిగులుతుంది? మంచి బొమ్మలు ఇచ్చి చాట్‌జీపీటీ వెనకున్న జీపీటీ-4ను పరీక్షించిన 2024 నాటి మరో అధ్యయనంలో, జవాబు సరిగ్గా చెప్పిన కేసుల్లో కూడా మూడో వంతుకు పైగా వివరణల్లో తప్పులు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం బొమ్మను చూడడంలోనే.

నాకు కోపం తెప్పించినది మాత్రం "నార్మల్ అంటే వెళ్లనక్కర్లేదు" అన్న మాట. ఇది మనుషుల ప్రాణాలు తీస్తుంది. మెదడు రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, మొదటి గంటల్లో సీటీ చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. ఆ సీటీ తీసేది ముందుగా రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. లేదని తేలితేనే నాళాన్ని మూసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలరు, అదీ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు. అంటే ఆ "నార్మల్" చికిత్స మొదలుపెట్టమనే సంకేతం. దాన్ని పట్టుకుని ఇంట్లో పడుకోమంటారా? రాయగడ నుంచి విశాఖ దారిలో ఎంత సమయం పోతుందో తెలిసినవాళ్లే ఇలాంటిది పంచుతారా? మన ప్రాంతంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు. జ్వరం, ఛాతీ నొప్పి వచ్చిన మొదటి రోజు వాళ్ల ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, రెండు మూడు రోజుల్లో ఊపిరితిత్తులు కమ్ముకుపోవచ్చు. ఇదంతా ఫోటోలో ఉండదు, మనిషిలో ఉంటుంది.

కమిషన్ మాట కాదనను. అక్కరలేని స్కాన్లు రాసేవాళ్లు ఉన్నారు, ఆ బాధ నిజం. ఏఐ పనికిరాదనీ అనను. 15 ఏళ్లు, అంతకు పైబడినవారి ఛాతీ ఎక్స్‌రేల్లో క్షయ ఛాయలు వెతకడానికి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సిఫారసు చేసింది. అయితే అవి ఆ ఒక్క పనికోసం తయారై, ఆ పనిలోనే పరీక్షకు నిలిచినవి. అనుమానం వస్తే కఫం పరీక్ష ఎలాగూ ఉంటుంది. చాట్‌జీపీటీ కూడా ఒకందుకు మనకు మేలే. డాక్టరు ఒడియాలో చెప్పి, రిపోర్టు ఇంగ్లీషులో ఇస్తే మన పెద్దవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఆ రిపోర్టును తెలుగులో చెప్పించుకుని, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. నేనే చెబుతున్నాను, వాడండి.

కానీ మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా ముందు 108కి ఫోన్ చేయండి. మనిషి చివరిసారి బాగా ఉన్న సమయాన్ని కాగితం మీద రాసి వెంట పంపండి. ఆసుపత్రిలో మొట్టమొదట అడిగేది అదే.