పెరూజియా పూజాపీఠం నుంచి బ్లెనిమ్ సౌధానికి: ఒక రాఫేల్ చిత్రం ప్రయాణం

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఇటలీ చిత్రకారుడు రాఫేల్ చిత్రాల్లో ఒకదానికి 'అన్సిడెయి మడోన్నా' అని పేరు. మధ్య ఇటలీలోని పెరూజియా నగరంలో, సెర్వైట్ అనే క్యాథలిక్ సన్యాసుల ఆధీనంలో ఉన్న సాన్ ఫియోరెంజో చర్చిలో అన్సిడెయి కుటుంబానికి ఒక ప్రార్థనా మందిరం ఉండేది. అది పునీత నికొలాసుకు అంకితమైన మందిరం. దాని పూజాపీఠం మీద నిలపడానికి ఆ కుటుంబం గీయించిన చిత్రమిది. 1505 నాటి ఈ పని చేసేటప్పటికి రాఫేల్ వయసు ఇరవై రెండేళ్లు.

చిత్రంలో ఎత్తయిన సింహాసనం మీద మరియమాత బాలయేసును ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఒక పక్క బాప్తిస్మమిచ్చు యోహాను స్ఫటిక శిలువను పట్టుకుని పైకి చూస్తుంటాడు. మరో పక్క బిషప్పు దుస్తుల్లో ఉన్న నికొలాస్ గ్రంథపఠనంలో మునిగి ఉంటాడు. ఆయన పాదాల దగ్గరున్న మూడు బంగారు గుండ్లు, కట్నం ఇచ్చుకోలేని పేద తండ్రి ముగ్గురు కూతుళ్ల పెళ్లి కోసం ఆయన రహస్యంగా ఇచ్చిన సొమ్ముకు గుర్తులు. సింహాసనం పైభాగంలో 'క్రీస్తు తల్లీ, నీకు వందనం' అని లాటిన్‌లో రాసి ఉంది. ఆ మాట దివ్యబలిపూజకు వచ్చి ఆ పీఠం ముందు మోకరిల్లే భక్తుడు అనవలసిన మాట. ఈ చిత్రంలో దేన్ని చూసినా, అది ఏ చోటు కోసం పుట్టిందో ఆ చోటుతో కలిపి చదివినప్పుడే పూర్తిగా అర్థమవుతుంది. నికొలాస్ అక్కడ ఎందుకున్నాడనే చిన్న ప్రశ్నకు కూడా జవాబు ఆ మందిరంలోనే ఉంది.

రోములో స్థిరపడిన స్కాట్లాండ్ చిత్రకారుడు, పురావస్తువుల వ్యాపారి గావిన్ హామిల్టన్ ద్వారా లార్డ్ రాబర్ట్ స్పెన్సర్ 1764లో దీన్ని కొన్నాడు. అసలు చిత్రం వెళ్లిపోయిన చోట నికోలా మోంటి గీసిన నకలును పెట్టారు. ఈ నకలు సంగతి దగ్గర నేను ఆగిపోతాను. పూజకు నకలు సరిపోతుందని, ఇంగ్లండ్ ప్రభువుకు మాత్రం అసలే కావాలని ఆ బేరం చెప్పకనే చెబుతోంది. భక్తుడికి చిత్రంలోని మరియమాత ముఖ్యం, కొన్నవాడికి రాఫేల్ చెయ్యి ముఖ్యం. ఒకే చెక్క పలకకు ఉన్న రెండు విలువలు ఆ రోజు విడివిడిగా బయటపడ్డాయి.

స్పెన్సర్ దీన్ని తన అన్న, మార్ల్‌బరో నాలుగో డ్యూక్‌కు ఇవ్వడంతో చిత్రం ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెసీమలోని బ్లెనిమ్ ప్యాలెస్‌కు చేరింది. 1704 నాటి యుద్ధ విజయానికి కానుకగా మొదటి డ్యూక్‌కు దక్కిన సౌధం అది. నా దృష్టిలో ఈ మజిలీయే ఈ ప్రయాణంలో అసలు మలుపు. మ్యూజియం వల్ల మతచిత్రాలు కళాఖండాలుగా మారిపోయాయని సాధారణంగా అంటుంటాం. కానీ ఈ చిత్రం మ్యూజియం చేరడానికి వందేళ్లకు పైగా ముందే ఆ పని ఇలాంటి ప్రభు సౌధాలు పూర్తి చేశాయి. కొవ్వొత్తుల వెలుగు, ధూపం, లాటిన్ ప్రార్థనలు లేని చోట, ప్రొటెస్టెంట్ దేశపు కులీన కుటుంబం ఇంట్లో, ఈ చిత్రం వంశపు ఆస్తి అయింది.

వంశపు ఆస్తికి గడ్డుకాలమూ వస్తుంది. 1870ల నుంచి అమెరికా ధాన్యం చవకగా దిగుమతి కావడంతో ఇంగ్లండ్ భూస్వాముల కౌలు రాబడి పడిపోయింది. అన్యాక్రాంతం కాకూడదని కట్టడి చేసిన వంశపారంపర్య సొత్తును అమ్ముకోవడానికి 1880లలో చట్టాలు దారి తెరిచాయి. ఎనిమిదో డ్యూక్ దగ్గర 1885లో నేషనల్ గ్యాలరీ ఈ చిత్రాన్ని 70,000 పౌండ్లకు కొన్నది. అప్పటిదాకా ఏ చిత్రానికీ అంత ధర పలకలేదు. బ్లెనిమ్ నుంచే అప్పుడు కొన్న మరో చిత్రం, గుర్రమెక్కిన మొదటి చార్లెస్ రాజును చిత్రకారుడు వాన్ డైక్ గీసినది, 17,500 పౌండ్లు, అంటే దీని ధరలో సరిగ్గా నాలుగో వంతు. ఆ సొమ్ము పార్లమెంటు మంజూరు చేసిన ప్రజాధనం.

ఈ కొనుగోలు తప్పని నేను అనను. కొనకపోతే అది మరో ధనికుడి గోడ మీదికి చేరి ఉండేది, ఇవాళ టికెట్టు లేకుండా ఎవరైనా వెళ్లి చూసే వీలుండేది కాదు. అయితే ఇది దేశపు సంపద అని ఇంగ్లండ్ అనుకోవడం వెనుక ఉన్న లెక్కను కూడా చూడాలి. పెరూజియాలో అది ఉన్నది 259 ఏళ్లు, ఆ తర్వాత ప్రభు వంశం చేతిలో ఉన్నది 121 ఏళ్లు. దోపిడీ జరగలేదు, అమ్మినవారు అమ్మారు, కొన్నవారు కొన్నారు. అందుకే ఈ నష్టం తేలిగ్గా కళ్లకు ఆనదు. దొంగిలించిన వస్తువును తిరిగి అడగవచ్చు. చట్టబద్ధంగా చేతులు మారిన దాని విషయంలో, అది పుట్టిన చోటును చిత్రంతో పాటు చూపించమని మాత్రమే అడగగలం. గ్యాలరీ ఆ బాధ్యతను బ్లెనిమ్ వైభవం కంటే ముందు పెట్టాలన్నది నా అభిప్రాయం. ఇంతమంది యజమానులు మారినా చిత్రానికి నిలిచిన పేరు దాన్ని చర్చికి సమర్పించిన కుటుంబానిది కావడం ఆ దిశలో మనకున్న ఊత.

పెద్ద పలక కింద, పీఠం ముందు నిలబడి పూజ చేసే గురువు కళ్లకు ఎదురుగా, మూడు చిన్న చిత్రాల వరుస ఒకటి ఉండేది. వాటిలో యోహాను జనానికి బోధిస్తున్న చిత్రం కూడా ఇంగ్లండ్ వచ్చింది. కానీ పెద్ద పలకతో పాటు బ్లెనిమ్‌లో ఉండకుండా బోవుడ్‌లోని లాన్స్‌డౌన్ వంశీయుల సౌధానికి చేరింది. నేషనల్ గ్యాలరీ దాన్ని 1983లో కొన్నది. అంటే ఒకే పీఠం కోసం ఒకే చేత్తో చేసిన రెండు పలకలు ఒక కప్పు కిందికి రావడానికి 1885 తర్వాత మరో 98 ఏళ్లు పట్టింది. మిగిలిన రెండు చిత్రాల చోటు ఇప్పటికీ ఖాళీయే.