అబ్బాయి వాళ్లు ఏ స్మిత్‌లు?

డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా బాబాయి కూతురు, అక్కడే ఒక అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని ఫోన్ చేసి చెప్పింది. అబ్బాయి ఏం చదివాడు, ఎంత సంపాదిస్తాడు, తాగుతాడా, ఇలాంటి పైపై ప్రశ్నలేవీ బాబాయి వేయలేదు. రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నేరుగా అసలు విషయానికే వెళ్లాడు.

"ఇంటిపేరేంటమ్మా?"

"స్మిత్, నాన్నా."

"ఏ స్మిత్‌లు?"

అమ్మాయికి ప్రశ్నే అర్థం కాలేదట. ఆ రాత్రి బాబాయికి బీపీ పెరిగింది. తెల్లారేసరికి నాకు కబురొచ్చింది. "ఒరేయ్, నువ్వు పుస్తకాలూ అవీ తిరగేస్తుంటావుగా. ఆ స్మిత్‌లు ఎవరో, ఎక్కడివాళ్లో, మనకి సరితూగుతారో లేదో కాస్త తేల్చు."

వారం రోజులు కూర్చుని తేల్చాను. విదేశీ సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. తేలిందేమిటంటే, ఇంగ్లీషువాళ్లకి ఇంటిపేరు వాడుకోవడం రాదు.

మన సంగతి చూడండి. ఇంటిపేరుని పొడి అక్షరం చేసి పేరు ముందు ఎంత అమాయకంగా కూర్చోబెడతాం! బస్సులో పక్క సీటు పెద్దమనిషి "ఆ అక్షరం అంటే ఏమిటి బాబూ?" అని అడిగాడంటే ఆయనకి భాషాశాస్త్రం మీద మక్కువ అనుకోకండి. ఇంటిపేరు చెబితే తేలిపోవాలి. తేలకపోతే ఊరు అడుగుతాడు. ఊరితోనూ తేలకపోతే, ఆ ఊళ్లో ఫలానావారు మీకేమవుతారని అడుగుతాడు. కులం అన్న మాట నోట రాకుండా రెండు స్టాపుల్లో కులం రాబట్టే ఈ విద్యలో మనకి సాటి లేరు. పాపం, ఇంగ్లాండులో ఈ విద్యకి పునాదులే సరిగా పడలేదు.

స్మిత్ అంటే లోహంతో పనిచేసేవాడు. పాత ఇంగ్లీషు మాట. 1066లో నార్మన్లు వచ్చి ఇంగ్లాండుని ఆక్రమించాక విలియం, రాబర్ట్, రిచర్డ్, జాన్ లాంటి గుప్పెడు పేర్లే ఊరంతా పంచుకోవడం మొదలైంది. ఒక్కో ఊళ్లో అరడజను మంది జాన్‌లు తయారైతే రాసుకునే గుమాస్తా ఏం చేస్తాడు? మిల్లు జాన్, వంతెన పక్క జాన్, కొలిమి జాన్ అని గుర్తు పెట్టుకుంటాడు. 1377, 1379, 1381 సంవత్సరాల్లో వరసగా తలపన్ను వేశారు. ఏ జాన్ కట్టాడో, ఏ జాన్ ఎగ్గొట్టాడో తేలాలంటే గుర్తులు కాగితం మీదకి ఎక్కక తప్పలేదు. ఆ పన్ను మీద 1381లో జనం తిరగబడితే, ముందు నడిచిన వాట్ టైలర్ పేరులోనూ ఇంటి పెంకుల పనే ఉంది. మొదట మనిషి గుర్తుగా ఉన్న మాట, తరవాత కొడుక్కీ మనవడికీ అంటుకుంది.

ఈ భాగం చదివి వినిపిస్తే బాబాయి మొహం వెలిగింది. "అంటే మా డిపార్ట్‌మెంటు వాళ్లు రాసిన పేరేనన్నమాట!"

వెలుగు ఎక్కువసేపు నిలవలేదు. అమెరికా 2010 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో స్మిత్‌లు 24,42,977 మంది. మొదటి స్థానం వాళ్లదే. ఇంగ్లాండులోనూ, స్కాట్లాండులోనూ అదే వరస. "ఇరవై నాలుగు లక్షల మంది ఒకే వంశమా?" అన్నాడు బాబాయి ఆశగా. కాదు. ఊరికొక కొలిమి, కొలిమికొక స్మిత్. ఒక ఊరి స్మిత్‌కీ పక్క ఊరి స్మిత్‌కీ చుట్టరికం ఉండాలని ఏమీ లేదు.

ఇక్కడ ఒక విచిత్రం. ఊరంతా రైతులే అయినప్పుడు "రైతు జాన్" అంటే ఎవరికి తెలుస్తుంది? అందుకే సేద్యం చేసేవాళ్ల పేరు అంతగా నిలవలేదు. ఫార్మర్ అనే ఇంటిపేరుంది గానీ, అది మొదట్లో పన్నుల వసూలు గుత్తకి తీసుకున్నవాడి పేరు. (బాబాయి ఇక్కడ నన్ను ఆపి ఇంకోసారి చదివించుకున్నాడు.) ఊళ్లో ఒక్కడే ఉన్నాడు కాబట్టే స్మిత్ పేరు నిలిచింది, ప్రతి ఊళ్లోనూ ఒకడున్నాడు కాబట్టే లక్షలైంది. పైగా ఆ మాట దేశమంతా ఒకటే. నేసిన బట్టని నీళ్లలో తొక్కి చిక్కబరిచే పనినే తీసుకోండి. ఉత్తరాన ఆ పనివాడు వాకర్, ఆగ్నేయాన ఫుల్లర్, నైరుతిన టక్కర్. ఒకే పని, మూడు ఇంటిపేర్లుగా చీలిపోయింది. స్మిత్‌కి ఆ చీలిక లేదు.

ఇంత బలగం ఉండి కూడా వాళ్లు సాధించిందేమిటి? అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్‌నే చూడండి. పది మంది పనివాళ్లు పని పంచుకుంటే రోజుకి 48,000 గుండుసూదులు చేయగలరని 1776లో రాశాడు. ఇంటిపేరులో కొలిమి ఉన్న మనిషి, సూదుల లెక్క రాశాడే గానీ సుత్తి పట్టలేదు. తండ్రి సుంకాల శాఖ ఉద్యోగి, చివరికి తనూ అదే శాఖలో కమిషనర్ అయ్యాడు. ఎవరూ "కమ్మరి పేరు పెట్టుకుని నీకు అర్థశాస్త్రమేంటి?" అని అడిగినట్టు లేదు. అదే నేను చెప్పే లోపం. పేరులో పని ఉంది, ఆ పేరు పట్టుకుని మనిషిని అక్కడే కూర్చోబెట్టే ఏర్పాటు లేదు.

యూరప్ అంతా ఇదే తంతు. జర్మనీలో ష్మిట్, రష్యాలో కుజ్నెత్సోవ్, హంగరీలో కొవాచ్, ఫ్రాన్సులో లఫెవ్ర్, అందరూ కమ్మర్లే. ఇటలీలో ఫెరారీ కూడా అదే. రోడ్డు మీద ఎర్ర కారు దూసుకుపోతుంటే నోరెళ్లబెట్టే కుర్రాళ్లకి అది కమ్మరివారి బండి అని ఎవరు చెప్పాలి? మన దగ్గరా కమ్మరి అనే ఇంటిపేరుంది. ఆ ఇంటి కుర్రాడు కొలిమి మొహం చూడకుండా సాఫ్ట్‌వేర్‌లో లక్షలు సంపాదిస్తున్నా, అద్దెకి ఇల్లు అడగడానికి వెళితే ఇంటిపేరు విన్న ఓనరుకి టక్కున నిప్పురవ్వలు కనబడతాయి. వాళ్లు కొలిమి ఆర్పేసి పేరు మాత్రం ఉంచుకున్నారు. మనం ఆరనివ్వం. సంప్రదాయం మీద పట్టు అంటే అది.

అమెరికా సంగతి మరీ అన్యాయం. అక్కడి స్మిత్‌లలో నూటికి 23 మంది నల్లవాళ్లు. బానిసత్వంలోనో, అది పోయాకో ఈ పేరు వచ్చి చేరిన కుటుంబాల వాళ్లున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ పేరుంటే ఇరుగుపొరుగు అనుమానంగా చూస్తారని ష్మిట్‌లు కొందరు స్మిత్‌లయ్యారు. అంటే పేరు వినగానే మనిషి రంగు కూడా చెప్పలేం! ఇక పెళ్లికాని జంటలు హోటల్ రిజిస్టర్లో "మిస్టర్ అండ్ మిసెస్ స్మిత్" అని రాయడం ఇంగ్లాండులో పాత జోకు. ఈ ముక్క బాబాయికి చదవలేదు.

పేరుకైనా విలువిచ్చారా అంటే అదీ లేదు. లండన్‌లో 1792లో ఒక స్మిత్ పెట్టిన చిన్న కొట్టు, డబ్ల్యూహెచ్‌స్మిత్ అనే పేరుతో దేశమంతా పుస్తకాలూ పత్రికలూ అమ్మే దుకాణాలుగా పెరిగింది. 2025లో బజారు వీధుల్లోని ఆ షాపులన్నీ అమ్మేశారు, పేరు మాత్రం అమ్మలేదు. కొన్నవాళ్లు బోర్డు మీద టీజీజోన్స్ అని రాయించారు. ఆ టీజీ జోన్స్ ఎవరు? ఎవరూ కాదు. జోన్స్ అంటే జాన్ కొడుకు. లేని మనిషికి తండ్రి పేరుతో సహా బోర్డు కట్టారు.

ఈలోగా బాబాయి ఇంటర్నెట్‌లో "స్మిత్ వంశ రాజముద్ర" ముద్రించిన కాఫీ కప్పు ఒకటి చూశాడు. సింహమో ఏదో ఉందట. రాజముద్ర ఉందంటే క్షత్రియులే అయ్యుంటారని తీర్మానించి, అరడజను ఆర్డరు పెట్టబోతున్నాడు. ఆ ముద్రల వ్యవహారం చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ లండన్‌లో 1484 నుంచీ ఉందనీ, ముద్ర మనిషికీ అతని వారసులకే గానీ ఇంటిపేరుకి ఉండదనీ చెప్పి చెయ్యి పట్టుకు ఆపాను. ఆ పూట నాతో మాట్లాడలేదు.

సాయంత్రానికి చల్లబడి పిలిచాడు. "ఒరేయ్, స్మిత్ అంటే ఏంటో మన చుట్టాల్లో ఎవరికైనా తెలుసా?"

"నువ్వు చెబితే తప్ప తెలీదు బాబాయ్."

"ఆ పేరులోనే కాస్త గొప్పగా ఉండేది ఏదైనా ఉందా?"

ఉంది. మధ్యలో ఐ తీసి వై పెట్టి, చివర ఒక 'ఈ' అక్షరం తగిలిస్తే స్మైథ్. వెనకటి గుమాస్తాలు చేతికొచ్చినట్టు రాసిన స్పెల్లింగే, కానీ రాను రాను అది కాస్త పై మెట్టు వాళ్లదిగా చలామణి అయింది. సంఖ్యాశాస్త్రం ప్రకారం పేరులో రెండు ఏలు ఇరికించే మనవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

మొన్న శుభలేఖలు అచ్చయి వచ్చాయి. ఫోటో చూసిన అమ్మాయి కంగారుగా ఫోన్ చేసింది. "నాన్నా, ఆయన ఇంటిపేరు స్పెల్లింగ్ తప్పు పడింది!"

"తప్పు కాదమ్మా," అన్నాడు బాబాయి. "అన్నయ్య పరిశోధన చేశాడు."