చివర తెల్లగా ఉన్న ఆ రెట్ట పాముది కాదు

వానలు మొదలయ్యాక విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. గోడ వార పడి ఉన్న నల్లటి రెట్ట ఫొటో, దాని కింద ఈ మాటలు: "నల్లగా ఉండి చివర తెల్లటి చుక్క ఉంటే అది పాము పిల్లది. ఇంట్లో పాము గుడ్లు పెట్టిందని అర్థం. వెంటనే వెల్లుల్లి, కిరోసిన్, ఫినాయిల్ చల్లండి. చుక్క లేకపోతే ఎలుకది, ఎండిపోయాక ప్రమాదం లేదు, ఊడ్చి పారేయండి. ఎలుకల పేస్టు టమాటా ముక్కకు రాసి పెడితే పీడ వదులుతుంది."

సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఉన్నవాళ్ళు ఇది చదివి కంగారు పడటంలో వింత లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి కదా, వరద నీటితో పాటు ఏమేం కొట్టుకొస్తాయో వాళ్ళకు తెలుసు. అందుకే ఈ మెసేజ్‌కి గట్టిగా జవాబు చెప్పాలనిపించింది. ఇందులో దాదాపు ప్రతి మాటా తప్పే. చివరి రెండు మాటలైతే ప్రాణం మీదికి తెచ్చేవి.

ముందు ఆ తెల్ల చుక్క సంగతి. బల్లులు, పాములు, పక్షులు మనలాగా నీళ్ళలా మూత్రం పోయవు. ఒంట్లోని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, సున్నం లాంటి తెల్లటి ముద్దగా మలంతో కలిపి వదులుతాయి. కాబట్టి తెల్లగా ఉన్నంత మాత్రాన పాము అని తేలదు. తేల్చేవి సైజు, చోటు, ఎంత తరచుగా పడుతోందన్నది. ఇంటి బల్లి రెట్ట అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద, కిటికీ చట్రం మీద, గోడ మధ్యలో కనిపిస్తుంది, ఎందుకంటే పురుగులు వెలుతురు దగ్గరికి వస్తాయి, బల్లి వాటి కోసం అక్కడ కాపు కాస్తుంది. పాము పద్ధతి వేరు. ఎరను మొత్తంగా మింగి రోజుల తరబడి అరిగించుకుంటుంది. విసర్జించేదీ ఎప్పుడో ఒకసారే. అది తడితడిగా, పెద్ద ముద్దలా, ఘాటు వాసనతో ఉంటుంది, ఒక్కోసారి ఎలుక వెంట్రుకలు కూడా కనిపిస్తాయి. రోజూ తుడిచినా మర్నాటికి లైటు కింద మళ్ళీ నాలుగు పడుతున్నాయంటే అది బల్లే.

గుడ్ల మాటా అంతే. స్విచ్‌బోర్డు వెనకో, బీరువా సందులోనో జంటగా దొరికే సెంటీమీటరు గుండ్రటి తెల్లగుడ్లు బల్లివి. వాటి పెంకు గట్టిగా, పెళుసుగా ఉంటుంది. పాము గుడ్డు కోలగా, తోలులా మెత్తగా, అంతకంటే బాగా పెద్దగా ఉంటుంది. పైగా రక్తపింజర గుడ్లే పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. నిజంగా పాము తిరిగిందనడానికి నమ్మదగిన గుర్తు కుబుసం: పొడుగ్గా, పొలుసుల అచ్చుతో ఉంటుంది.

"చుక్క లేకపోతే ఎలుకది" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. చిట్టెలుక పెంటిక 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటుంది, కొనలు సన్నగా ఉంటాయి. అటకల మీద తిరిగే నల్ల ఎలుకది 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పెద్ద బొద్దింకది 2 మిల్లీమీటర్లే, పొడవునా గీతలుంటాయి, కొనలు మొద్దుగా ఉంటాయి. దీన్ని చిట్టెలుకది అనుకుని బోను పెట్టి విసిగిపోయేవాళ్ళూ ఉంటారు. గబ్బిలం రెట్ట అచ్చం ఎలుకదిలాగే ఉంటుంది. కాగితం మీద పెట్టి పుల్లతో నొక్కండి. పొడిపొడిగా రాలి, అందులో పురుగుల రెక్కల తునకలు మెరిస్తే గబ్బిలానిది. తలుపు చట్రం కింద ఇసుకలా చేరే ఒక మిల్లీమీటరు గింజలు ఎండు చెక్కను తినే చెదలవి, భూతద్దంతో చూస్తే ఆరు పలకలు తెలుస్తాయి. వీటికి ఎలుకల మందు పెట్టి లాభమేముంది? గుంటూరు వైపు ఏడాదికి సరిపడా ఎండుమిర్చి మూట కట్టుకునే ఇళ్ళలో ఇంకోటి చూస్తాం: కాయలకు గుండుసూది రంధ్రాలు, మూట అడుగున పొడి. పొగాకు గోడౌన్లను పాడుచేసే ఎర్రగోధుమ రంగు చిన్న పెంకు పురుగు పనే అది. మూట విప్పి మంచి ఎండలో పోసి, కాయ ఏరుకోవాల్సిందే.

వెల్లుల్లి, ఫినాయిల్ వాసనకు పాములు పారిపోవు. కిరోసిన్ చల్లితే మిగిలేది నిప్పు భయం. రాత్రిళ్ళు ఇంట్లోకి వచ్చి కాటేసే కట్లపాము నుంచి నిజంగా కాపాడేది మంచం మీద దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోవడం. కాటు పడితే నొప్పి లేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇక "ఎండిపోయాక ప్రమాదం లేదు" అన్న మాట. ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా క్రిమి ఎండితే త్వరగా చస్తుంది, అంతవరకు నిజం. కానీ విరేచనాలు పట్టించే సాల్మొనెల్లా ఎండిన పెంటికల్లో చాలాకాలం బతుకుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము వంటగట్టు మీద పడుతుంది, మన ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. కిటికీలు తెరిచి, గ్లౌజులు, మాస్కు వేసుకుని, లీటరు నీళ్ళకు ఒక టేబుల్‌స్పూను బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లండి. పది నిమిషాలు నాననిచ్చి పాత గుడ్డతో తుడిచి, గుడ్డతో సహా కవర్లో కట్టి పారేయండి. ఆ నీళ్ళలో బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది టమాటా ముక్క. ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది పసుపు భాస్వరం. దానికి విరుగుడు లేదు. తిన్న మనిషికి మొదట వాంతులవుతాయి, తర్వాత ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టే ఉంటాడు, ఆపైన కాలేయం దెబ్బతింటుంది. నేల మీద పెట్టిన ఎర్రటి టమాటా ముక్క పాకే పిల్లకు అందుతుంది. టూత్‌పేస్టు అనుకుని దానితో పళ్ళు తోముకున్నవాళ్ళూ ఉన్నారు. పొరపాటున ఎవరైనా మింగితే, బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోకండి, ఆ గంటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎలుకే అని తేలితే బోను చాలు, దానితో పాటు దారి మూయాలి. చిట్టెలుకకు పెన్సిలంత కన్నం సరిపోతుంది. సింకు పైపు గోడలోకి వెళ్ళే చోట, ఏసీ పైపు చుట్టూ, తలుపు కింద చూడండి. కన్నంలో స్టీల్ పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. ఉత్త గుడ్డలు కుక్కితే కొరికేస్తాయి.