చీర అమ్ముడైందా అని అడక్కూడదు

సరుకు పోతే లాభం, పోకపోతే నష్టం. కందుకూరు పొగాకు రైతు నుంచి మైపాడు రొయ్యల రైతు దాకా అందరూ ఈ నియమానికి తలవంచినవాళ్లే. ఒక్క ప్రకటనల రంగానికే మినహాయింపు ఉంది. అక్కడ సరుకు పోయినా, గోడౌన్‌లో ఎలుకలు కొట్టినా బిల్లు బిల్లే. ఇంత నిశ్చింతైన వృత్తి ఉందని తెలియక మన పిల్లలంతా ఇంజినీరింగులో చేరిపోతున్నారే అన్న బాధతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా బావమరిది నెల్లూరు ట్రంకు రోడ్డులో వెంకటగిరి చీరల కొట్టు తెరిచాడు. "సరుకు బాగుంటే జనమే వస్తార్లే బావా" అన్నాడు. వాడి అమాయకత్వానికి జాలేసి, నేనే ఒక ప్రకటనల ఏజెన్సీ వాళ్ల చేతిలో పెట్టాను.

ఏజెన్సీ బతికే తీరు ముచ్చటైనది. పాత సంప్రదాయం ప్రకారం వాళ్లకు డబ్బిచ్చేది కొట్టు యజమాని కాదు. ఆయన పేపరుకో టీవీకో కట్టినదాంట్లో 15 శాతాన్ని ఆ పేపరో టీవీయో ఏజెన్సీకి కమీషన్‌గా వదిలేస్తుంది. అంటే మన తరఫున బేరమాడాల్సిన మనిషికి మనం ఎంత ఎక్కువ తగలేస్తే అంత లాభం. పెద్ద కంపెనీలు ఇప్పుడు నెలకింతని ఫీజు మాట్లాడుకుంటున్నాయి గానీ, చిన్న ఊళ్లలో ధర్మం ఒంటికాలి మీదైనా నిలబడే ఉంది. అందుకే "చిన్న ప్రకటన చాలదా?" అని మావాడు అడిగినప్పుడు ఏజెన్సీ అబ్బాయి వాడి భవిష్యత్తు తలుచుకుని దిగులుపడ్డాడు.

పేపర్లో చోటును కాలమ్ సెంటీమీటర్ల లెక్కన అమ్ముతారు. జిల్లా ఎడిషన్‌కు ఒక రేటు, మెయిన్‌కు ఒక రేటు, మొదటి పేజీకి ఇంకో రేటు. పండగలప్పుడు మొదటి పేజీకి పైన ఇంకో మొదటి పేజీ తొడిగి, దాన్ని జాకెట్ అంటారు. చీరలమ్మేవాడికే జాకెట్ అంటగట్టారంటే వాళ్ల ప్రతిభకు దండం పెట్టాల్సిందే. టీవీ అయితే పది సెకన్ల లెక్క, ఎంతమంది చూస్తే అంత రేటు. ఎవరేం చూస్తున్నారో కనిపెట్టే మీటర్లు దేశం మొత్తం మీద కొన్ని పదివేల ఇళ్లలోనే ఉంటాయి, టీవీలున్న ఇళ్లేమో 20 కోట్ల పైమాటే. మావాడికి అంత స్తోమత లేక లోకల్ కేబుల్‌లో కింద పాకే అక్షరాలతో సరిపెట్టుకున్నాడు.

అసలు విద్యంతా ఫోన్లో ఉంది. మీరు పేజీ తెరిచాక అది కనబడేలోపు, సెకనులో పదోవంతు కాలంలో, మీ చూపును వేలం వేసి ఎవరో ఒకరికి కొట్టేస్తారు. కందుకూరు వేలం కేంద్రంలో పొగాకు బేలుకైనా ఇంతకంటే ఎక్కువ సమయం ఇస్తారు. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనకైతే నొక్కిన ప్రతిసారీ డబ్బు. మావాడు ప్రకటన పనిచేస్తోందో లేదో చూద్దామని రోజూ పొద్దున్నే తానే నొక్కేవాడు. మధ్యాహ్నం వాళ్లావిడ నొక్కేది. సాయంత్రం బోణీ కాక కూర్చున్న సేల్స్‌మెన్ నొక్కేవాళ్లు. నెలాఖరున రిపోర్టు వచ్చింది: స్పందన అద్భుతం, ముఖ్యంగా ట్రంకు రోడ్డు పరిసరాల్లో.

వీళ్లందరికీ గురువులు మాత్రం ప్లాట్లు అమ్మేవాళ్లు. మిగతావాళ్లు ఉన్నదాన్ని పొగుడుతారు, వీళ్లు రాబోయేదాన్ని పొగుడుతారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండకు వస్తుందని పుకారు పుట్టగానే, కంపచెట్లు తప్ప ఏమీ లేని నేలకు రెక్కలొచ్చాయి. రాజధాని రాలేదు. కొన్నవాళ్లు ఇప్పటికీ ఆ కంపచెట్లనే చూసుకుంటున్నారు, కాకపోతే రిజిస్ట్రేషన్ కాగితాలతో సహా. దగదర్తి విమానాశ్రయం ఏళ్ల తరబడి ప్రతిపాదనల్లో నలిగింది గానీ, బ్రోషర్లలో విమానం ఎప్పుడో దిగిపోయింది. "ఎయిర్‌పోర్టుకు 10 నిమిషాలు" అంటారు. అది ఏ వాహనంలో, ఏ సంవత్సరంలో అన్నది అడిగేవాడు సంస్కారం లేనివాడు. నమోదు కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వకూడదని స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపులో పెట్టే 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. అందుకని దాన్ని ప్రకటన అనరు. ప్రీలాంచ్ అంటారు, అదీ వాట్సాప్‌లో, "మన అనుకున్నవాళ్లకి మాత్రమే" అని.

చట్టాలకేం కొదవ లేదు. పరిశ్రమవాళ్లు తమ తప్పులు తామే దిద్దుకోవడానికి 1985లోనే ఒక మండలి పెట్టుకున్నారు. 2019 వినియోగదారుల చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చంది. షుగరు వ్యాధిని నయం చేస్తామని ప్రకటించుకోకూడదని 1954లోనే చట్టం వచ్చింది. ఊరి గోడలకు చదువు రాదు కాబట్టి వాటికి ఇంకా తెలియలేదు.

ప్రకటన లేకుండా ఏదీ నడవదని వాదించేటప్పుడు ఒంగోలు గిత్త ప్రస్తావన రాకుండా చూసుకోవాలి. అది ఏ ఫ్లెక్సీ లేకుండా ఓడెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ మన జిల్లా పేరుతోనే 'నెలోర్' అనిపించుకుని, ఆ దేశపు పశువుల్లో అత్యధికం తన రక్తమే అనిపించుకుంది. ఏ ఏజెన్సీకీ 15 శాతం ముట్టలేదు కనుక ఈ ఉదంతాన్ని పాఠ్యాంశంగా అంగీకరించలేం.

ఇంతలో మావాడు అడక్కూడని ప్రశ్న అడిగేశాడు. "ఇంతకీ చీరలు ఎన్ని పోయినట్టబ్బయా?"

"మనం చీరలు అమ్మట్లేదు సార్, బ్రాండు కడుతున్నాం" అన్నాడు ఏజెన్సీ అబ్బాయి, నొచ్చుకుంటూ.

బ్రాండు పూర్తయ్యేలోపు అప్పు పూర్తయింది. చివరి ప్రకటనగా "షాపు ఎత్తివేస్తున్నాం, 70 శాతం తగ్గింపు" అని వేశారు. జనం రోడ్డు మీదకు బారులు తీరారు. ఏజెన్సీ వాళ్లు డ్రోన్ తెప్పించి ఫొటో తీశారు. అదిప్పుడు వాళ్ల సొంత ప్రకటనలో ఉంది, 'మా క్లయింట్ విజయగాథ' అన్న పేరుతో.

మా బావమరిది ప్రస్తుతం అదే ఏజెన్సీలో చేస్తున్నాడు. కొత్తగా కొట్టు తెరిచేవాళ్లతో మాట్లాడే పని ఇచ్చారు, అనుభవం ఉన్నవాడని. ఒకటో తారీఖున జీతం పడుతోంది, మనిషి కాస్త ఒళ్లు కూడా చేశాడు.