కొలత చూడకుండా టిప్ కొనొద్దు
ఎగ్జాస్ట్ టిప్ (కారు పొగ గొట్టం చివర అందం కోసం తొడిగే లోహపు గొట్టం) ఏదైనా పర్వాలేదు, స్క్రూలు బిగిస్తే ఏ పైపుకైనా సరిపోతుందని ఒక ఆర్టికల్‌లో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోను. నేనూ అలాగే నమ్మి, చూడ్డానికి బాగుందని ఒకటి కొన్నాను. పైపు బయటి వ్యాసం 48 మిల్లీమీటర్లు, టిప్ లోపలి వ్యాసం 63. అంత సందు ఉంటే ఎంత బిగించినా టిప్ ఒక పక్కకి వాలిపోతుంది. నెల తిరక్కుండానే రోడ్డు మీద ఎక్కడో ఊడిపోయింది. వెనక వచ్చే బైకుకి తగిలి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ తలచుకుంటే టెన్షనే. పైపు చల్లారాక రెండు మూడు చోట్ల కొలవండి, చివర పూర్తి గుండ్రంగా ఉండకపోవచ్చు. టిప్ లోపలి కొలత దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే చాలు. ఆర్టికల్‌లో అసలు లేని విషయం ఇంకోటి ఉంది: సైలెన్సర్ రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతుంది కాబట్టి బండి నడుస్తుంటే ఊగుతుంది. టిప్ బంపర్‌కి మరీ దగ్గరగా ఉంటే తగులుతుంది, ఆ వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది కూడా. టిప్‌కి స్టెయిన్‌లెస్ స్టీలే మేలని ఆ ఆర్టికల్‌లో అన్న మాట మాత్రం నిజం, మామూలు ఇనుము మీద క్రోమ్ పూత లేచిందంటే తుప్పు ఆగదు. బిగించాక ఒకటి రెండు రోజులు బండి నడిపి, చల్లారాక స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించండి.