త్వరణం వచ్చింది, దిగుండ్రి!

నల్గొండలో డిగ్రీ పిల్లల చేతుల్లో తిరిగే ఒక ఫిజిక్స్ గైడు ఉంది. విశిష్ట సాపేక్షత (స్పెషల్ రిలేటివిటీ, వేగంగా కదిలే గడియారం నెమ్మదిస్తుందని చెప్పే ఐన్‌స్టీన్ సిద్ధాంతం) సమవేగానికే చెల్లుతుందట, త్వరణం ఉంటే, అంటే వేగమో దిక్కో మారుతుంటే, పనికిరాదట, దానికి సాధారణ సాపేక్షతే (జనరల్ రిలేటివిటీ, ఆయనదే గురుత్వాకర్షణ సిద్ధాంతం) కావాలట. క్లాసులో దీన్ని అండర్‌లైన్ కూడా చేయిస్తారు, మార్కు వస్తుంది మరి.

సరే, దేవరకొండ బస్సులో ఈ రూలు అమలు చేద్దాం. బస్టాండులో నిలబడి ఉన్నంతసేపు విశిష్ట సాపేక్షత చెల్లుతుంది. డ్రైవర్ ఫస్ట్ గేర్ వేయగానే కండక్టర్ లేచి "దిగుండ్రి, త్వరణం వచ్చింది, ఎనుక సాధారణ సాపేక్షత బస్సు వస్తది, అండ్ల ఎక్కుండ్రి" అంటాడు. టాప్ గేర్ పడ్డాక మళ్లీ పాత బస్సు. ఇంతలో బర్రెలు అడ్డమొస్తాయి, బ్రేకు, మళ్లీ దిగుడు. మలుపు తిరిగినా త్వరణమే కాబట్టి అక్కడా దిగుడే. కొండమల్లేపల్లి దాకా వచ్చేసరికి జీరో టికెట్ అవ్వ "బిడ్డా, ఇది రెండు బస్సులల్ల నడుస్తదా?" అని అడిగితే, సిలబస్ చూసి చెప్తానంటాడు కండక్టర్.

అసలు 1905 పేపరు చివర్లో ఐన్‌స్టీన్ లెక్క కట్టిందే త్వరణంలో ఉన్న ఎలక్ట్రాన్‌కు! 1908లో మింకోవ్‌స్కీ స్థలాన్నీ కాలాన్నీ కలిపేశాక పని ఇంకా సులువైంది. ఆ స్థలకాలంలో వస్తువు స్థానాన్ని దాని సొంత గడియారంతో ఒకసారి డిఫరెన్షియేట్ చేస్తే ఫోర్ వెలాసిటీ (నాలుగు కొలతల వేగం), ఇంకోసారి చేస్తే ఫోర్ యాక్సిలరేషన్ (నాలుగు కొలతల త్వరణం). మొదటిదాని పరిమాణం ఎప్పుడూ c, అంటే కాంతి వేగం, కాబట్టి రెండోది దానికి లంబం. రెండు లైన్లు, అంతే. గురుత్వాకర్షణ లెక్కలోకి వచ్చినప్పుడే సాధారణ సాపేక్షతతో పని. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో మ్యూయాన్లను (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ బరువైన కణాలు) రింగులో తిప్పారు, త్వరణం g కి, అంటే భూమి గురుత్వ త్వరణానికి, సుమారు 10¹⁸ రెట్లు. 2.2 మైక్రోసెకన్ల ఆయుష్షు 64 దాకా సాగింది, విశిష్ట సాపేక్షత చెప్పినట్టే. 1977లో ప్రచురించారు. అక్కడ గైడులమ్మే షాపు లేదు కాబోలు.

మునుగోడు దిక్కు నుంచి, ఇంట్లో మొదటిసారి డిగ్రీకొచ్చిన పిల్ల, రాకెట్‌లో పోయి, మలుపు తిరిగి (అక్కడ త్వరణమే మరి) వచ్చిన కవల ఇంట్లో ఉన్న కవల కంటే ఎందుకు చిన్నదని అడిగితే "అది పీజీలో చెప్తారమ్మా, కూర్చో" అంటారు. అబద్ధం! ఆ పిల్లకు రాక కాదు, మీరు ఆ చాప్టరు ఎన్నడూ తెరవక. గెస్ట్ లెక్చరర్లను అనట్లేదు, వాళ్లకు జీతమే టైముకు రాదు. సిలబస్ కమిటీలో కూర్చొని టీ తాగి సంతకం పెట్టేవాళ్లను అంటున్నా. రాకెట్ గడియారంలో ఏడాది పాటు 1g తో పోతే కాంతి వేగంలో 77 శాతం వస్తుంది, ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ చేసొచ్చిన పిల్లకు అది ఒక్క పేజీ లెక్క. ఐదు మార్కులకు పెట్టండి, ఎవరు రాయరో చూద్దాం.